పని తెమలని ఇల్లు: నా డెబ్బై రోజుల ప్రాజెక్టు డైరీ

రోజు 0

రెండు రోజుల్లో ఒకే లోడు బట్టలు మూడుసార్లు ఉతికాను. మొదటిసారి మెషిన్ ఆగిన సంగతే మర్చిపోయి రాత్రంతా తడిబట్టలు అందులోనే వదిలేశాను. పొద్దునకి ముక్కిపోయిన వాసన. మళ్ళీ తిప్పాను. ఈసారి గుర్తుంది గానీ, ఈ నాలుగు గిన్నెలూ కడిగేసి ఆరేద్దాంలే అనుకున్నాను. గిన్నెల మధ్యలో ఫోను, ఫోను మధ్యలో గుమ్మం దగ్గర ఎవరో. సాయంత్రానికి మళ్ళీ అదే వాసన. మూడోసారి బటన్ నొక్కుతుంటే ఏడుపొచ్చింది, వెంటనే నవ్వూ వచ్చింది.

ఉద్యోగం చేసే రోజుల్లో నేను ప్రాజెక్టులు నడిపిన మనిషిని. ఏం చేద్దామనుకున్నాం, ఏం జరిగింది, ఎక్కడ ఆగింది అని రోజూ సాయంత్రం లాగ్ రాసేదాన్ని. ఇంటిపట్టున ఉండటం మొదలై మూడేళ్ళు దాటింది. ఈ మూడేళ్ళకీ లాగ్ రాయమంటే ఒక్క ముక్కే రాయగలను: పని తెమల్లేదు.

చిన్నాడి పాత నోటుబుక్కులో సగం కాగితాలు ఖాళీగా మిగిలాయి. అవి చాలు. అద్దంలా మెరిసే ఇల్లు నాకు అక్కర్లేదు. లేచింది మొదలు పడుకునే దాకా కాలు నిలవకుండా తిరుగుతున్నాను, తీరా పక్క మీద వాలేసరికి ఇవాళ ఏమీ చేయలేదనిపిస్తోంది. ఎందుకో తెలుసుకోవాలి. ప్రాజెక్టు అదే.

రోజు 1 నుంచి 3 వరకు

ఈ మూడు రోజులూ ఏదీ మార్చకూడదు, జరిగింది జరిగినట్టు రాయాలని నియమం పెట్టుకున్నాను. అరగంటకోసారి ఒక వరుస. రెండో రోజు పదకొండు గంటల వరుస ఇక్కడ ఎత్తి రాస్తున్నాను:

"సింకు దగ్గర మొదలు. తుడిచే గుడ్డ కోసం బాల్కనీకి వెళ్ళా. అక్కడ మొక్క వాడిపోయి ఉంది, నీళ్ళు పోద్దామని మగ్గు కోసం బాత్‌రూమ్‌కి. బకెట్‌కి జారుడు పట్టింది, రుద్దా. ఫోన్ మోగింది. 11:40. మొక్కకి నీళ్ళు పోయలేదు. గుడ్డ బాల్కనీలోనే ఉంది. సింకు ఎలా ఉన్నది అలాగే ఉంది."

చదువుకుంటే నా మీద నాకే జాలేసింది. మూడు రోజుల్లో 47 పనులు మొదలుపెట్టాను. మధ్యలో లేవకుండా ముగించినవి 13. మిగతావన్నీ ఎక్కడో ఒకచోట సగంలో నిలబడి నాకేసి చూస్తున్నాయి. నేను బద్ధకస్తురాలిని అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. లెక్క చూస్తే బద్ధకం జాడ లేదు, అన్నిటి మీదా చెయ్యి వేసి దేన్నీ వదిలించుకోలేకపోతున్నాను.

రోజు 4

టైమ్ టేబుల్ తయారు. మూడు రంగుల పెన్నులు, స్కేలు, గీతలు. 5:00 నిద్ర లేవడం, 5:15 వ్యాయామం, 10:10 నుంచి 10:40 వరకు పడకగది. ఫ్రిజ్ తలుపుకి అతికించాను. చాలా అందంగా ఉంది.

రోజు 6

టైమ్ టేబుల్ పోయింది. చిన్నాడికి జ్వరం. 10:10కి నేను పడకగదిలోనే ఉన్నాను గానీ, సర్దడానికి కాదు.

జ్వరం రాకపోయినా ఇది ఇంకో మూడు రోజులకి మించి బతికేది కాదు. ఆరంభశూరత్వం నాకు కొత్త కాదు. కాకపోతే ఈసారి చచ్చిన దాన్ని పారేసేముందు కోసి చూశాను. ఆఫీసులో పది గంటలంటే పది గంటలే. ఇంట్లో పది గంటలు అనేది రాదు. "పిల్లలు బయల్దేరాక" వస్తుంది. "మెషిన్ ఆగాక" వస్తుంది. "అందరూ తిన్నాక" వస్తుంది. ఇల్లు నడిచేది ఘడియల మీద కాదు, ఘటనల మీద. నేనేమో దానికి రైల్వే టైమ్ టేబుల్ తగిలించాను.

తర్వాత చదివితే తెలిసింది, పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో దీని గురించే రాశారు. "ఈ పని చేయాలి" అనుకోవడం కంటే "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను" అని ముడి వేసుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుందట. నా గోడు ఎవరో ముందే విన్నట్టుంది. రంగుల కాగితం చింపేసి మూడే ముడులు రాసుకున్నాను. పిల్లలు వెళ్ళి తలుపు వేయగానే మెషిన్ ఆన్. రాత్రి తినడం అవగానే సింకు. మూడోది ఏం రాశానో రెండు రోజులకే మర్చిపోయాను, కాబట్టి రెండే అనుకోండి.

రోజు 9

మెషిన్ ఆన్ చేయడం కుదిరింది. ఆగాక తీయడం కుదరలేదు. అది కూసే కూత వంటగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ హోరులో వినపడదు. ఫోన్‌లో అలారం పెడితే ఆపేసి మర్చిపోతున్నాను. ఆఖరికి ఖాళీ బట్టల బుట్ట తీసుకెళ్ళి వంటగది గుమ్మానికి అడ్డంగా పెట్టాను. దాన్ని దాటకుండా బయటికి రావడం ఎవరి తరమూ కాదు.

మొదట దెబ్బ తిన్నది మా ఆయన.

"ఇది ఇక్కడెవరు పెట్టారు?"

"నేనే. తగలాలనే పెట్టాను."

"నాకు తగిలింది కదా, ఇప్పుడేం చేయాలి?"

"ఆరేయండి."

ఆరేయలేదనుకోండి, పక్కకి జరిపి వెళ్ళారు. కానీ ఆ రోజు నుంచి మళ్ళీ ఉతకాల్సిన లోడు ఒక్కటీ లేదు.

రోజు 12

పడకగదిలో ఒక కుర్చీ ఉంది. కూర్చోవడానికి కొన్నాం. ఏడాదిన్నరగా దాని మీద బట్టల గుట్ట. రాత్రి మంచం మీంచి కుర్చీ మీదికి, మడతపెడదామని పొద్దున కుర్చీ మీంచి మంచం మీదికి, మళ్ళీ రాత్రికి కుర్చీ మీదికి. కొన్ని చొక్కాలు తొడుక్కున్న దానికంటే ఈ ప్రయాణాలకే ఎక్కువ నలిగాయి.

ఫ్రాంచెస్కో సిరిలో అనే ఇటలీ విద్యార్థి 1980ల చివర్లో చదువు మీద మనసు నిలవక, వంటింట్లో వాడే టమాటా ఆకారపు టైమర్ తిప్పి పెట్టుకుని కూర్చున్నాడట. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. ఇటాలియన్‌లో టమాటాని పొమొడోరో అంటారు, పద్ధతికి పేరు అలా వచ్చింది. పాతికేసి నిమిషాలు నన్నెవరూ పిలవకుండా ఉండటం ఈ ఇంట్లో కుదిరే పని కాదు. 15 పెట్టుకున్నాను. నియమం ఒక్కటే, టైమర్ మోగేదాకా ఆ గది గడప దాటకూడదు. చేతిలోకి వేరే గది వస్తువేదైనా వస్తే గడప దగ్గర పడేయడమే, పట్టుకుని వెళ్ళకూడదు.

కుర్చీకి కనీసం గంట పడుతుందని నా అంచనా. టైమర్ ఇంకా నాలుగు నిమిషాలు చూపిస్తుండగానే అయిపోయింది. పదకొండు నిమిషాలు! పదకొండు నిమిషాల పనికి ఏడాదిన్నర భయపడ్డాను. అడుగున ఒంటి సాక్సులు ఆరు, ఊడిన బొత్తాం ఒకటి, పోయిందనుకున్న కొలత టేపు దొరికాయి. కుర్చీ నీలం రంగుదని నాకు గుర్తే లేదు.

ఇక అన్నిటికీ గడియారం పెట్టి చూశాను. రాత్రి అంట్లు: ముప్పావు గంట అనుకున్నాను, పట్టింది 17 నిమిషాలు. గట్టు తుడవడం 4. బాత్‌రూమ్ మాత్రం అనుకున్న దానికంటే ఎక్కువే పట్టింది, దాని గురించి నా భయం న్యాయమైనదే.

రోజు 15 నుంచి 19 వరకు

రాయలేదు. చేయలేదు కూడా.

రోజు 20

కారణం ఏమీ లేదు. ఒళ్ళు బాగానే ఉంది, ఎవరూ ఏమీ అనలేదు. పొద్దున లేచి గట్టు చూసేసరికి, నిన్న తుడిచిందే మళ్ళీ తుడవాలి కదా అనిపించి, చెయ్యి లేవలేదు. తుడిస్తే మాత్రం రేపు ఉంటుందా? ఉత్సాహం వచ్చినప్పుడు చూద్దాం అనుకుంటే ఐదు రోజులు గడిచిపోయాయి, అది రాలేదు.

అమ్మకి ఫోన్ చేశాను. "నువ్వు ఇన్నేళ్ళు ఎలా చేశావమ్మా? నీకు విసుగు రాలేదా?"

"రాకేం! వచ్చినా చెయ్యి ఆడుతూనే ఉండేది. చెయ్యి ఆడుతుంటే విసుగు ఎటో పోయేది. అయినా నీకెందుకే ఈ లెక్కలు?"

అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసిన దాన్ని పీటర్ లెవిన్‌సన్ లాంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు 1970ల్లో కుంగుబాటుకి చికిత్సగా మలిచారు. మనసు బాగుపడ్డాక పనిలోకి దిగుదామని చూడకుండా, ముందు చిన్న పనిలోకి దిగితే మనసు వెనకాలే వస్తుందన్నది అందులో కీలకం. అందుకని ఇవాళ గట్టు మొత్తం తుడవలేదు. స్టవ్ పక్కన జానెడు మేర తుడిచాను. ఆ జానెడు మెరుస్తుంటే పక్కది ఛండాలంగా కనిపించింది, అదీ తుడిచాను. అంతే, ఇంకేమీ చేయలేదు.

ఒక మాట మాత్రం ఇక్కడ రాసిపెట్టుకోవాలి. దాదాపు ప్రతి రోజూ, రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండి, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోయి, నిద్ర, ఆకలి తేడాగా ఉండి, అలా రెండు వారాలు దాటితే అది దినచర్య సమస్య కాదు. టైమర్లు, బుట్టలు పనికిరావు, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. నాది అక్కడిదాకా వెళ్ళలేదు. నిద్ర పట్టింది, పాత పాటలు వింటే బాగానే అనిపించింది. అయినా అద్దం ముందు నిలబడి నన్ను నేను ఒకసారి అడగాల్సి వచ్చింది.

రోజు 21

ఇవాళ్టికి అలవాటు అయిపోయి ఉండాలి. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుందంటారుగా. ఆ మాట ఎక్కడిదా అని వెతికితే ప్లాస్టిక్ సర్జన్ దగ్గర తేలింది. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ఆయన, ఆపరేషన్ అయిన మనిషి కొత్త ముఖానికి అలవాటుపడటానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశారు. ఆ "కనీసం" దారిలో ఎక్కడో జారిపోయింది. ముక్కుకి అలవాటు పడటానికీ సింకుకి అలవాటు పడటానికీ పోలికేమిటో!

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఒక పని అనుకోకుండానే చేసేసే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. ఒకరికి 18 అయితే ఇంకొకరికి 254. మధ్యలో ఒక్క రోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదట. నేను తప్పింది ఐదు రోజులు, అది వేరే సంగతి. ప్రాజెక్టు గడువు 30 రోజుల నుంచి 70కి పొడిగించాను. ఉద్యోగంలో ఇలా పొడిగిస్తే మా మేనేజరు ముఖం ఎలా పెట్టేదో గుర్తొచ్చింది. ఇక్కడ మేనేజర్నీ నేనే.

రోజు 26

పొద్దుటి ముడి నాలుగు రోజులు కుదిరి, ఒక రోజు తప్పుతోంది. తప్పిన రోజులన్నీ వరసగా పెట్టి చూశాను. ప్రతిసారీ ముందు రాత్రి సింకు నిండుగా వదిలేశాను. నిద్ర కళ్ళతో వంటగదిలోకి వచ్చి నిన్నటి అంట్లు చూడగానే, రోజు మొదలవకముందే అప్పుల్లో ఉన్నట్టు ఉంటుంది. నేను ఇన్నాళ్ళూ పొద్దుటిని బాగుచేద్దామని చూస్తున్నాను. చిల్లు రాత్రి దగ్గరుంది.

ఇంకా లోతుకి వెళితే, రాత్రి దగ్గర కూడా అసలు చిక్కు అంట్లు కాదు. నా పనికి మూత లేదు. ఆఫీసులో కంప్యూటర్ మూసి లేస్తే అయిపోయింది. ఇంట్లో ఎప్పుడు లేవాలి? పదిన్నరకి కూడా ఎవరో ఒకరు గ్లాసు తెచ్చి సింకులో పెడతారు, అది నా ఖాతాలో పడుతుంది. సిరిల్ నార్త్‌కోట్ పార్కిన్సన్ అనే ఆంగ్లేయుడు 1955లో, ఎంత సమయం ఉంటే పని అంతకీ సాగుతుందని రాస్తూ, తీరిగ్గా ఉన్న ఓ ముసలావిడ ఒక్క కార్డు ముక్క రాసి పంపడానికి రోజంతా గడపగలదని ఉదాహరణ ఇచ్చాడు. ఆవిణ్ణి వెక్కిరించినట్టు అనిపించి కోపం వచ్చింది గానీ, ఆయన చెప్పింది నా వంటగదిలో కళ్ళారా చూస్తున్నాను.

ఇవాళ్టి నుంచి రాత్రి తొమ్మిదికి వంటగది మూత. సింకు ఖాళీ, గట్టు తుడుపు, లైటు ఆఫ్. ఆ తర్వాత ఎవరు గ్లాసు ముట్టుకున్నా వాళ్ళే కడిగి బోర్లించాలి. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను.

9:20కి పెద్దది వచ్చింది. "అమ్మా, ఒక్క గ్లాసే కదా."

"ఒక్క గ్లాసే కదా, కడిగెయ్."

కడిగింది. ఎంత చప్పుడు చేస్తూ కడిగిందో రాస్తే ఈ పేజీ చాలదు.

రోజు 33

తొమ్మిది గంటల మూత వారంలో ఐదు రోజులు నిలిచింది. ఆ ఐదు రోజుల తర్వాతి పొద్దులన్నీ మెషిన్ దానంతట అదే ఆన్ అయినట్టే ఉంది. నా చెయ్యే వేసింది గానీ, వేసినట్టు గుర్తులేదు.

ఇవాళ ఇంకో సరదా పని చేశాను. ఒక పూట వంటకి వంటగదిలో ఎన్ని అడుగులు వేస్తున్నానో లెక్కపెట్టాను. 214. ఈ ఆలోచన నాది కాదు, లిలియన్ గిల్‌బ్రెత్‌ది. ఫ్యాక్టరీల్లో పనివాళ్ళ కదలికలు కొలిచే ఇంజినీరు, పన్నెండుమంది పిల్లల్ని కన్న తల్లి. 1924లో భర్త పోయాక, ఆడవాళ్ళకి ఫ్యాక్టరీ పనులు ఇవ్వడానికి జనం వెనకాడుతుంటే అదే విద్యని వంటగదిలోకి తెచ్చింది. కాలితో తొక్కితే మూత లేచే చెత్తబుట్ట, ఫ్రిజ్ తలుపు లోపలి అరలు ఆవిడ చలవే అంటారు.

నా 214లో సగానికి సగం మూతల కోసం. గిన్నెలు స్టవ్ కింద, వాటి మూతలు గది అవతలి మూల. ఎందుకు? ఇంట్లో దిగిన రోజు అట్టపెట్టె అక్కడ తెరిచాను కాబట్టి. మూతల్ని స్టవ్ పక్క అరలోకి, చెత్తబుట్టని సింకు కిందికి మార్చాను. సాయంత్రం లెక్క 131. మూడు రోజులు చెయ్యి మాత్రం పాత మూలకే పోయింది.

యంత్రాలున్నాయిగా, ఇంకా పని ఏముంటుంది అనేవాళ్ళ కోసం ఒక లెక్క రాసిపెట్టుకున్నాను. జోఆన్ వానెక్ అనే పరిశోధకురాలు 1974లో అమెరికా సర్వేలు తిరగేసి చూస్తే, ఉద్యోగం లేని గృహిణులు 1920ల్లో వారానికి 52 గంటల ఇంటిపని చేసేవారు, 1960ల్లో 55 గంటలు. మధ్యలో ఇంట్లోకి ఎన్ని యంత్రాలు వచ్చాయో! బట్టల మీద గడిపే సమయమైతే పెరిగింది. జనానికి బట్టలు ఎక్కువయ్యాయి, ఉతకడమూ ఎక్కువైంది. నా కుర్చీకి వంశవృక్షం దొరికింది.

రోజు 41

చేయాల్సిన పనుల జాబితా రాయడం మానేశాను. అది రాత్రికి ఎప్పుడూ సగమే కొట్టివేసి ఉంటుంది. దాని బదులు చేసినవి రాస్తున్నాను, చేసిన వెంటనే. ఇందులో ఇంతకుముందు నా లెక్కలోకే రానివి బయటపడ్డాయి: చిన్నాడి చెప్పులు బిగుతయ్యాయని గమనించడం, టీకా తేదీ గుర్తుంచుకోవడం, గ్యాస్ ఎప్పుడు అయిపోతుందో అంచనా కట్టడం, ఎవరి పుట్టినరోజు ఎప్పుడో, ఏ మందు ఏ సొరుగులో. నిన్న ఒక్కరోజే ఇలాంటివి 19.

ఆ పేజీ మా ఆయన చేతికిచ్చాను, ఏమీ అనకుండా. ఆయన చాలాసేపు చదివారు. "వీటిలో నేనేం సాయం చేయను?" అన్నారు.

సాయం వద్దన్నాను. సాయమంటే చెప్పడం నా పని, చేయడం ఆయన పని. చెప్పే బరువు నా మీదే ఉంటుంది. మందులు, టీకాలు, డాక్టర్ తేదీలు మొత్తంగా తీసుకోండి, నేను ఇక గుర్తుచేయను అన్నాను. దానితోపాటు తువ్వాళ్ళు కూడా. తువ్వాళ్ళు ఎందుకు కలిపానో తెలియదు, ఆ ఊపులో వచ్చేసింది.

తువ్వాళ్ళు ఆయన చుట్టి పెడతారు. నేను మడతపెడతాను. చుట్టినవి అరలోంచి దొర్లి కింద పడుతున్నాయి. నేను నోరు మెదపడం లేదు. ఈ ప్రాజెక్టు మొత్తంలో అన్నిటికంటే కష్టమైన పని ఇదే.

రోజు 52

మధ్యాహ్నం గంట నాది అని పెట్టుకుని పది రోజులైంది. మొదటి నాలుగు రోజులు పడి నిద్రపోయాను. తర్వాత రెండు రోజులు ఏం చేయాలో తోచక ఫోన్ చూస్తూ గడిపి, ఆ గంట కూడా పోయిందే అని బాధపడ్డాను. ఏది ఇష్టమో మర్చిపోయిన మనిషికి ఖాళీ గంట ఇస్తే ఇలాగే ఉంటుంది కాబోలు.

ఏడో రోజు ఆ కొలత టేపు కళ్ళబడింది. అటక మీంచి కుట్టు మిషన్ దించాను. కుట్టి చూస్తే గుడ్డ అడుగున దారం గుత్తులు గుత్తులుగా వచ్చింది. అడుగున చిక్కు కదా అని అడుగుదారం చుట్టి ఉండే బాబిన్ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి, రెండు రోజులు తంటాలు పడ్డాను. ఇవాళ తెలిసింది: అడుగున గుత్తులు పడితే సాధారణంగా తప్పు పైదారంలో ఉంటుంది. గుడ్డని నొక్కిపట్టే ఫుట్టు దించి ఉంచి దారం ఎక్కించాను, అప్పుడు దారాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్ళలు తెరుచుకోకుండా బిగుసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యలోకి దిగదు. ఫుట్టు పైకెత్తి మళ్ళీ ఎక్కించాను. గీత గీసినట్టు కుట్టు పడింది. పాత దుప్పటి అంచు మొత్తం కుట్టేశాను, అవసరం లేకపోయినా.

గట్టు రేపు మళ్ళీ తుడవాలి. ఈ అంచు మళ్ళీ కుట్టక్కర్లేదు. ఆ తేడా కోసమేనేమో, దుప్పటి మడతపెట్టకుండా సాయంత్రం దాకా మంచం మీద పరిచే ఉంచాను.

రోజు 63

కుర్చీ మీద మళ్ళీ బట్టలు. నాలుగు రోజులవి. 15 నిమిషాల టైమర్, 9 నిమిషాల్లో తేలిపోయింది. నేనే మడతపెట్టాను, అయినా తువ్వాళ్ళు ముట్టుకోలేదు.

రోజు 70

తొమ్మిది గంటల మూత నిలిచింది. పోయిన రెండు వారాల్లో రెండు రాత్రులే తప్పింది. అయిదింటికి లేవడం ఎప్పుడో వదిలేశాను, ఆరున్నరకే లేస్తున్నాను. అరగంటకోసారి రాయడం మానేశాను, చేసినవి రాయడం మాత్రం ఉంది. బాత్‌రూమ్‌కి ఏ ముడీ కుదరలేదు, గుర్తొచ్చినప్పుడు తిట్టుకుంటూ రుద్దుతున్నాను.

మధ్యాహ్నం కుట్టు మిషన్ ముందు కూర్చుని సమయం చూసుకోలేదు. బట్టల మెషిన్ ఆగి ఎంతసేపైందో. గబగబా వెళ్తే వంటగది గుమ్మంలో బుట్ట లేదు. మెషిన్ ఖాళీ. నోటుబుక్కు గట్టు మీద తెరిచి ఉంది, ఇవాళ్టి వరుసల కింద నాది కాని చేతిరాత:

"బుట్ట మళ్ళీ తగిలింది. ఆరేశాను. 14 నిమిషాలు."

బాల్కనీలోకి వెళ్ళి చూశాను. చొక్కాలు తిరగేయకుండానే ఆరేశారు, ఎండ ముఖానే. రెండు సాక్సులకి ఒకటే క్లిప్పు. చెయ్యి వెళ్ళబోయింది, ఆపుకుని లోపలికి వచ్చి రాశాను: "చూశాను. ఏమీ మార్చలేదు. 2 నిమిషాలు."